నలభై మూడో నంబరు బిళ్ళ

సింగపూర్లో మా యీషున్ పేట హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాల కూడలిలో, టిష్యూ ప్యాకెట్లతో నాకు పాత వైరం ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి, పొగలు కక్కే నూడుల్స్ గిన్నె రెండు చేతులా పట్టుకుని నిలబడతాను. ఎదురుగా నలుగురు కూర్చునే బల్ల ఖాళీగా ఉంటుంది. దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంటుంది. అంటే అక్కడ మనుషులున్నట్టే. దీన్నే ఇక్కడ చోప్ చెయ్యడం అంటారు. "తాతయ్యా, నో లా, సమ్‌బడీ ఈజ్ సిట్టింగ్ దేర్," అని మా మనవరాలు నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతుంది. కళ్ళజోడు సర్దుకుని చూస్తాను. ఎవరూ కూర్చుని లేరు. ఇంతలో వేళ్ళు కాలుతుంటాయి.

ఈ ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో తెలియక మీకు చెబుతున్నాను. నిజానికి నాకా హక్కు లేదు. ఈ దేశంలో జనం బల్లలు చోప్ చేశారు, కుర్చీలు చోప్ చేశారు. బాయిలర్‌ని చోప్ చేసినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. అది నేనే.

మీలో చాలామందికి ఉద్యోగమంటే ల్యాప్‌టాప్. తప్పు చేస్తే వెనక్కి తీసుకునే మీట ఒకటి ఉంటుంది. మేం పనిచేసిన చోట అటువంటి మీట లేదు. ఉన్నా అది ఎక్కడుందో అప్రెంటిస్‌కి చెప్పేవారు కారు.

కాకినాడలో ఇంజినీరింగ్ చదివి, ఫస్ట్ క్లాసు సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చాను. సముద్రం ఒడ్డున ఒక పవర్ స్టేషన్‌లో రెండేళ్ళ అప్రెంటిస్‌షిప్. రెండేళ్ళయ్యాక పై నుంచి కింది దాకా అందరూ సరేనంటే పర్మనెంటు, లేకపోతే విమానం టికెట్టు. ఆ స్టేషన్ ఇప్పుడు లేదు, పడగొట్టేశారు. అందులో నా ప్రమేయం లేదని మనవి.

మొదటి రోజు నన్నొక ఫిట్టర్‌కి అప్పగించారు. ఆయనకి యాభై ఆరో, యాభై ఏడో. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు. పుట్టింది మలేషియాలో ఒక రబ్బరు తోటలో. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చారట. ఈయన ఆంధ్రదేశం ముఖం చూడలేదు. తెలుగు మాత్రం నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టే ఉంచుకున్నారు. అవసరమైన చోట మలయ్ మాటతో అతుకు వేసేవారు. నా తెలుగు వినగానే, "రేడియోలో వార్తల్లాగ మాటాడతన్నావేటి బాబూ," అన్నారు. నేను ఆయన్ని అంకుల్ అన్నాను. ఆయన నన్ను మామూలుగా బాబూ అనేవారు, కోపం వస్తే ఇంజినీరు బాబూ అనేవారు.

ఆ రోజే నన్ను బాయిలర్ దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది దేని మీద నిలబడిందో చెప్పు," అన్నారు.

పదిహేను అంతస్తుల ఎత్తున్న ఇనప పెట్టె అది. నేను పునాది గురించి, కాంక్రీటు పాళ్ళ గురించి, నేల మోయగల బరువు గురించి ఓ పది నిమిషాలు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నా మెడ పట్టుకుని కిందికి వంచి, దాని అడుగు చూపించారు. అడుగున ఏమీ లేదు. గాలి. అవతలి పక్క నడుస్తున్న మనిషి బూట్లు కనిపిస్తున్నాయి.

"ఇది నిలబడ్డది కాదు బాబూ. ఏలాడతన్నది."

నిప్పు పెడితే ఇనుము సాగుతుంది. అంత పొడవున జానెడు పైనే సాగుతుంది. కింద ఆనించి కడితే పైకి పెరిగి కప్పు తన్నేస్తుంది. అందుకని పైనున్న దూలాలకి కడ్డీలతో మొత్తం బాయిలర్‌ని వేలాడదీసి, కిందికి పెరగమని వదిలేస్తారు. వందల టన్నుల ఇనుము, లోపల మంట, ఒళ్ళంతా నీళ్ళ గొట్టాలు, అదంతా అలా గాలిలో వేలాడుతూ ఊరందరికీ దీపాలు వెలిగిస్తోంది. నేను దాని కింద వంగినవాణ్ణి చాలాసేపు లేవలేదు. చదువు మీద గౌరవం తగ్గలేదు గానీ, నా చదువు మీద కొంచెం తగ్గింది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. దాని లోపలికి వెళ్ళి, మధ్యలో నిలబడి, తలెత్తి చూడాలి. మంట ఉన్నప్పుడు కుదరదు కదా. ఏడాదికోసారి ఆపి, చల్లార్చి, మరమ్మతు చేసినప్పుడే కుదురుతుంది.

లోపలికి పోవడానికి ఒక చిన్న ఇనప తలుపు. భుజాలు ఏటవాలుగా తిప్పితే గానీ దూరలేం. తలుపు పక్కన గోడకి ఒక చెక్క బోర్డు, దానికి ఆరు కొక్కేలు. మాకందరికీ నడుము బెల్టుకి ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది, దాని మీద నంబరు. నాది నలభై మూడు, ఆయనది ఏడు. లోపలికి వెళ్ళేటప్పుడు బిళ్ళ కొక్కేనికి తగిలించాలి. బయటికొచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళే, తమ చేత్తోనే తీసుకోవాలి. ఇంకొకరి బిళ్ళ ఎవరూ ముట్టుకోకూడదు. బోర్డు ఖాళీ అయితేనే తలుపు మూస్తారు, తలుపు మూశాకే నిప్పు. ఆ బోర్డుకి పెద్ద ఆయనే. ఈ పద్ధతి ఎందుకొచ్చిందని ఒకసారి అడిగాను. ఏదో కథ చెబుతారనుకున్నాను. ఆయన బోర్డు కేసి ఒకసారి చూసి, చేతిలో ఉన్న పని చేసుకున్నారు. ఇంకోసారి అడగలేదు.

మరమ్మతులు నెల రోజులు సాగాయి. చివరి రోజు ఆఖరి తనిఖీ. మధ్యాహ్నం రెండింటికి ఇన్స్పెక్టర్ లోపలికి వెళ్ళి చూస్తాడు, తరవాత లోపల ఒక మూల మిగిలిన పరంజా విప్పేసి తలుపు మూస్తారు, మర్నాడు పొద్దుటికల్లా కరెంటివ్వాలి. పక్క యూనిట్ అప్పటికే జబ్బుపడి పడుకుంది. పైనుంచి గంటకోసారి ఫోను. ఇన్స్పెక్టర్, చీఫ్ ఇంజినీరు, ఇద్దరు ఇంజినీర్లు, మా ఫిట్టర్, వెరసి అయిదుగురు. కొక్కేలు ఆరు. మిగిలిన ఒక్క కొక్కెం కోసం ముగ్గురు అప్రెంటిస్‌లం. "ముందొచ్చినోడికే," అన్నారు ఫిట్టర్.

అప్పటికి నేను సింగపూర్ వచ్చి ఏడు నెలలు. ఈ దేశపు ఆచారాల్లో నాకు పూర్తిగా పట్టుబడింది ఒకటే. అప్పట్లో టిష్యూ ప్యాకెట్లు కావు, గొడుగో, న్యూస్‌పేపరో బల్ల మీద పడేసి భోజనం తెచ్చుకోవడానికి వెళ్ళేవాళ్ళు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది. పొద్దున్న ఏడుంబావుకి బాయిలర్ దగ్గర ఎవరూ లేరు. ఆరో కొక్కేనికి నా బిళ్ళ తగిలించి, చేతులు దులుపుకుని, కాంటీన్‌కి పోయాను.

నేను ఏ తప్పూ చెయ్యడం లేదన్న నమ్మకం అంత గట్టిగా నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

కాంటీన్‌లో రాత్రి డ్యూటీ ఇంజినీరు దొరికాడు. దొరికింది నేననాలి. ఫ్యూయల్ ఆయిల్ ఓడ వచ్చింది, జెట్టీ మీదికి వెళ్ళి అరగంటకోసారి ప్రెషర్లు రాసుకురమ్మని చేతికి అట్ట, పెన్సిలు ఇచ్చి పంపేశాడు. ఎనిమిదింటికి తన డ్యూటీ దిగి, ఇంటికెళ్ళి, ఫోను మీద దిండు పెట్టుకుని నిద్రపోయాడు. నేను రెండింటికి ముందే వచ్చేయొచ్చు కదా అనుకుని వెళ్ళాను. జెట్టీ స్టేషన్‌కి ఆ చివర, సముద్రం మీదికి చాలా దూరం పోయి ఉంటుంది.

ఇక్కడ జరిగింది నాకు తరవాత తెలిసింది. ఇన్స్పెక్టర్‌కి మధ్యాహ్నం వేరే పని తగిలి, తొమ్మిదింటికే వచ్చేశాడు. దాంతో మధ్యాహ్నానికే నిప్పు పెడతామని పైవాళ్ళకి మాటిచ్చేశారు. మిగిలిన ఇద్దరు అప్రెంటిస్‌లు ఆరో కొక్కేనికి నా బిళ్ళ చూసి, నన్ను రెండు తిట్లు తిట్టి, వర్క్‌షాప్‌కి పోయారు. ఫిట్టర్ కూడా బిళ్ళ చూశారు. ఆత్రంగాడు ముందే దూరేశాడని నవ్వుకున్నారట. లోపల చీకటి, ఓ మూల పరంజా, పైకెక్కి ఎక్కడో టార్చితో చూస్తుంటాడులే అనుకున్నారు. పదకొండింటికి అయిదుగురూ బయటికొచ్చి, అయిదు బిళ్ళలూ తీసుకున్నారు. ఒకటి మిగిలింది.

తలుపులో తల పెట్టి కేకేశారు. జవాబు లేదు. స్టేషనంతా మైకుల్లో నా పేరు చదివారు. జెట్టీ మీద కూడా మైకు ఉంది. దాని పక్కనే ఓడ పంపు కూడా ఉంది. నా చెవులకి ఆ హోరు తగలకుండా మఫ్‌లు.

ఫిట్టర్ తన బిళ్ళ తగిలించి లోపలికి వెళ్ళారు. గంట తరవాత ఒంటి నిండా మసితో, ఒంటరిగా వచ్చారు. నీళ్ళు తాగి, ఇంకో ఇద్దర్ని తీసుకుని మళ్ళీ వెళ్ళారు. ఒంటిగంటకి వాళ్ళిద్దరూ ఎండకి వాడిన తోటకూరలా బయటికొచ్చారు. ఆయనా వచ్చారు, ఇంకోసారి వెళ్ళడానికి మోకాళ్ళకి గుడ్డలు కట్టుకుంటున్నారు. చీఫ్ వచ్చాడు. చీఫ్ చైనీయుడు, అరవడం తెలియని మనిషి. అందుకే అందరికీ భయం.

"వాడు బయటే ఉంటాడు లా. అప్రెంటిస్ కదా. ఎక్కడో కూర్చుని మకాన్ చేస్తుంటాడు. పరంజా విప్పించి తలుపు మూసెయ్."

చీఫ్ అంచనాలో ఖచ్చితత్వం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. సరిగ్గా ఆ వేళకి జెట్టీ మీద మలయ్ పంపు మేస్త్రి, "మకాన్, మకాన్," తిను తినమని నన్ను బలవంతంగా తన పక్కన కూర్చోబెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చేప కూర నా అన్నంలో వేస్తున్నాడు. మొహమాటానికి రెండోసారి కూడా వేయించుకున్నాను.

ఫిట్టర్ లేచి నిలబడ్డారు. "బిళ్ళ ఉంది బాస్. మనిషి ఉన్నాడు."

"లోపలంతా చూశావుగా?"

"పైన సూడలేదు. పైన గొట్టాల సందుల్లో సూడాల."

"నీ మోకాళ్ళతోనా? పైనుంచి ఫోన్ మీద ఫోన్. మూసెయ్."

ఆయన బోర్డు పక్కకి తప్పుకుని చోటిచ్చారు. "మూసెయ్యాలంటే బోర్డు ఖాళీ అవ్వాల. ఆ బిళ్ళ నువ్వు తీ బాస్. నీ సేత్తో తియ్. తీసేస్తే ఇప్పుడే మూసేస్తా."

చుట్టూ ఇరవై మంది ఉన్నారట. చీఫ్ ఆ బిళ్ళ కేసి చూశాడు. చెయ్యి జేబులోంచి తీశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళి ఫోనెత్తి, ఇవాళ ఆలస్యమవుతుంది, ఎంతో చెప్పలేను అని చెప్పి పెట్టేశాడు. ఊరందరి కరెంటుకీ జవాబు చెప్పే మనిషి, రూపాయి బిళ్ళంత ఇత్తడి ముక్కని ముట్టుకోలేకపోయాడు. ఇది నేను కళ్ళారా చూడలేదు. చూసినవాళ్ళు చెప్పేటప్పుడు మాత్రం వాళ్ళ గొంతులు తగ్గిపోయేవి.

ఫిట్టర్ మూడోసారి లోపలికి వెళ్ళారు.

నేను రెండున్నరకి వచ్చాను. తనిఖీకి ఆలస్యమైపోయిందని పరిగెత్తుకుంటూ వచ్చాను. మావాళ్ళంతా బాయిలర్ వెనకాల, పై అంతస్తుల మెట్ల మీద వెతుకుతున్నారు. తలుపు దగ్గర ఒక కాంట్రాక్టు మనిషిని కూర్చోబెట్టారు. ఆ వారమే చేరాడు, నన్నెరగడు.

"ఏమైంది?"

"లోపల మనిషి తప్పిపోయాడు సార్. అప్రెంటిస్ అంట. పొద్దుటి నుంచి లేడు."

అప్రెంటిస్‌లం ముగ్గురం. నేను ఇక్కడున్నాను. కాబట్టి మిగిలిన ఇద్దరిలో ఎవడో. ఫస్ట్ క్లాసులో పాసైనవాణ్ణి, తర్కం నాకు కొట్టిన పిండి. పాపం వాడి తల్లికి ఏమని కబురు పంపుతారో అనుకున్నాను. హెల్మెట్ బిగించుకుని, "నేనూ వెళ్తాను, తప్పుకో," అన్నాను.

"బిళ్ళ వేసి వెళ్ళండి సార్."

చెయ్యి నడుముకి పోయింది. బెల్టుకి ఏమీ లేదు. తలెత్తి బోర్డు చూశాను. రెండు బిళ్ళలున్నాయి. ఒకటి ఏడు. రెండోది నలభై మూడు.

తప్పిపోయినవాడెవడో తెలిశాక నేను చేసిన మొదటి పని, అటూ ఇటూ చూడటం. ఆ కాంట్రాక్టు మనిషి తప్ప ఎవరూ లేరు, అతనికి నా నంబరు తెలియదు. ఆ బిళ్ళ తీసి జేబులో వేసుకుని, మళ్ళీ జెట్టీ వైపు నడిచిపోవచ్చని ఒక ఆలోచన వచ్చింది. అది ఎక్కువసేపు ఉండలేదు, కానీ వచ్చింది. దాచడం దేనికి? చెయ్యి బోర్డు దాకా వెళ్ళింది కూడా. అప్పుడు ఏడో నంబరు కనిపించింది. ఆయన ఇంకా లోపలున్నారు. నాకోసం.

"నాది బోర్డు మీదే ఉంది," అన్నాను. పొద్దుటి నుంచి ఆ బిళ్ళ చెబుతున్న అబద్ధాన్ని నిజం చెయ్యడానికి, భుజాలు తిప్పి లోపలికి దూరాను.

ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్న చోటు. మధ్యలో నిలబడి తలెత్తాను. నాలుగు గోడలూ గొట్టాలే, ఒకదాన్నొకటి ఆనుకుని, వీణ తీగల్లా నిటారుగా పైకి, పైకి, చూపు ఆనని చోటికి వెళ్ళిపోయాయి. మసి వాసన. వేడి. కింద నేల కాదు, అది కూడా వేలాడుతోందని పాదాలకి తెలుస్తోంది. మొన్నటిదాకా ఇక్కడ నిండా మంట. రేపు మళ్ళీ మంట. మధ్యలో ఈ కాసేపు మనిషిని నిలబడనిచ్చింది. ఇంత పెద్దదాని లోపల ఒక మనిషి ఉన్నాడో లేడో చెప్పడానికి, బయట గోడకి వేలాడే ఆ చిన్న బిళ్ళ తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు వినిపించింది. ఎక్కడో పైన, పదో అంతస్తు ఎత్తులో, పరంజా చివర చిన్న టార్చి వెలుగు. ఆ వెలుగు పక్క నుంచి గొంతు. బొంగురుపోయింది. గోడలకి తగిలి, నాలుగు దిక్కుల నుంచీ కిందికి దిగుతోంది.

"బాబూ... ఎక్కడున్నావురా... పలకరా నాయనా... భయం లేదు, నేనొచ్చేశాను... ఒక్కసారి మూలగరా..."

ఆ స్టేషన్‌లో మేమందరం పని మాటలు ఇంగ్లీషులో, తిట్లు మలయ్‌లో మాట్లాడుకునేవాళ్ళం. ఆయన తెలుగులో పిలుస్తున్నారు. స్పృహ తప్పినవాడికి ఏ భాష అందుతుందో ఆలోచించి ఉంటారు. నన్ను అంతకుముందు గానీ ఆ తరవాత గానీ ఎవరూ అలా పిలవలేదు. పిలుస్తున్నది నన్నేనని తెలిసినా, వెంటనే పలకలేకపోయాను. చచ్చిపోయినవాడిని పిలుస్తుంటే మధ్యలో వెళ్ళి పలకడం మర్యాద కాదేమో అనిపించింది.

చివరికి అన్నాను. "అంకుల్, ఇక్కడున్నానండీ. కింద."

వెలుగు ఆగింది. నా మీదికి దిగింది. చాలాసేపు కదల్లేదు.

ఆయన దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి దిగారు. నేను ఎక్కబోతే, "కదలకు, ఉన్నకాడే ఉండు," అని అరిచారు. వచ్చి నా తల తడిమారు. చేతులు, పక్కటెముకలు, మోకాళ్ళు తడిమారు. మొహమంతా మసి, అందులో కళ్ళు రెండే ఎర్రగా.

"కళ్ళు తిరిగి పడ్డావా?"

అవునంటే చాలు. మిగిలిన అప్రెంటిస్‌షిప్, పర్మనెంటు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. పైగా అడిగిన మనిషే జవాబు కూడా తయారుచేసి చేతిలో పెడుతున్నాడు. కానీ ఆయన చేతులు ఇంకా నా భుజాల మీదే ఉన్నాయి.

"లేదండీ. పొద్దున్నే బిళ్ళ తగిలించి, జెట్టీకి పోయాను. చోటు పోతుందని... చోప్ చేశాను."

"చోప్ సేశావు."

"అవునండీ."

"ఇప్పటిదాకా జెట్టీ మీద ఏటి సేస్తన్నావు?"

"ప్రెషర్లు రాశాను. తరవాత... చేప కూర తిన్నాను."

ఆయన అక్కడే ఒక చెక్క మీద కూలబడ్డారు. మోకాళ్ళ గుడ్డలు విప్పుకున్నారు.

"ఏం సేప?"

"తెలీదండీ. పెద్దది."

బయటికొచ్చాం. ముందు ఆయన బిళ్ళ ఆయన తీసుకున్నారు. తరవాత నా వైపు చూశారు. అంతమంది చూస్తుండగా నా బిళ్ళ నేను తీసుకున్నాను. బోర్డు ఖాళీ అయింది. అప్పటిదాకా ఎవరూ ఊపిరి తీసుకోలేదని, అందరూ ఒక్కసారి తీసుకున్నాక తెలిసింది.

చీఫ్ అడిగాడు, "ఎక్కడ దొరికాడు?"

"ఇన్‌సైడ్, బాస్," అన్నారు ఫిట్టర్. అక్షరాలా నిజం.

చీఫ్ నన్ను చూశాడు. పొద్దుటి నుంచి బాయిలర్లో పడి ఉన్నవాడి చొక్కా, ఫిట్టర్ చేతి ముద్రలు తప్పిస్తే, తెల్లగా ఉంది, జేబు మీద పసుప్పచ్చని కూర మరక ఉంది. ఆ మరక కేసి, బోర్డు కేసి మార్చి మార్చి చూసి, వెళ్ళి ఫోనెత్తుకున్నాడు. పరంజా విప్పి, నాలుగు గంటల ఆలస్యంతో నిప్పు పెట్టారు. ఊళ్ళో ఎక్కడా దీపం ఆరలేదు. ఆరి ఉంటే నేనిలా జోకులు వేస్తూ రాసేవాణ్ణి కాను.

మర్నాడు నోటీసు బోర్డులో ఒక ఆర్డరు. ఇకమీదట ఏ తలుపు తెరిచినా, దాని పక్కన బోర్డు దగ్గర కాపలా కూర్చోవలసినది నలభై మూడో నంబరు, అప్రెంటిస్‌షిప్ పూర్తయ్యే వరకు. కారణం రాయలేదు. ఫస్ట్ క్లాసు డిగ్రీతో నాకొచ్చిన మొదటి బాధ్యత అది. స్టూలు మీద కూర్చుని, వెళ్ళేవాళ్ళని లెక్కపెట్టి, వచ్చేవాళ్ళని లెక్కపెట్టేవాణ్ణి. రెండో నెలలో ఎవరో కుర్ర ఇంజినీరు, "నా బిళ్ళ కూడా నువ్వే తీసి ఇచ్చెయ్ లా, టీకి పోవాలి," అన్నాడు. వాడి మొహం కేసి ఎలా చూశానో నాకు తెలియదు గానీ, వెనక్కొచ్చి తనే తీసుకున్నాడు. రెండేళ్ళయ్యాక నన్ను పర్మనెంటు చేశారు. ఆ కాగితం మీద సంతకం చేసేటప్పుడు చీఫ్ ఒకటే అడిగాడట, "వాడు ఇంకా బోర్డు దగ్గర కూర్చుంటున్నాడా?" అని.

ఆ ఏడాదే ఫిట్టర్ రిటైరయ్యారు. ఆఖరి రోజు కాంటీన్‌లో ఇద్దరం టీ తాగాం. ఆయన మోకాళ్ళు బల్ల కింద పొడుగ్గా చాపుకున్నారు. ఏడాదిన్నరగా నాలో నానుతున్న ప్రశ్న ఆ రోజు అడిగేశాను.

"అంకుల్, నిజం చెప్పండి. ఆ రోజు నేను బయటే ఎక్కడో ఉన్నానని మీకు అనుమానం రాలేదా?"

"ఎందుకు రాలేదు? రెండోసారి లోపలికి దూరేటప్పుడే వచ్చింది. అంత కష్టపడి పైకెక్కే రకం కాదు నువ్వు."

"మరి మూడోసారి ఎందుకు వెళ్ళారండీ?"

ఆయన గ్లాసు కింద పెట్టి, నన్ను మొదటి రోజు చూసినట్టే చూశారు.

"నా అనుమానాన్ని నమ్ముకుని తలుపేసి నిప్పెట్టెయ్‌మంటావేటి, ఇంజినీరు బాబూ?"